గేమింగ్ పీసీకి ప్రాసెసర్, మదర్‌బోర్డ్: మన ఎండకు, మన కరెంటుకు తగినవి ఎంచుకోవడం ఎలా?

దుకాణంలో అడుగుపెట్టగానే చాలామంది అడిగేది "ఐ5 తీసుకోవాలా, రైజెన్ తీసుకోవాలా?" అని. ఐ5 ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్, రైజెన్ ఏఎండీది. అంతకంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి: మీ మానిటర్ ఎన్ని హెర్ట్జ్‌ది (సెకనుకు ఎన్నిసార్లు తెర మారుతుంది), మీరు రోజూ ఆడేది ఏ గేము. ఈ రెండూ తేలితే ప్రాసెసర్ సగం తేలినట్టే. బోర్డు దగ్గర చూడాల్సినవి వేరు: ఆ ప్రాసెసర్ ఎంత కరెంటు లాగుతుంది, మీ గది ఎంత వేడెక్కుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. తిరుపతి కొర్లగుంటలోనో, చిత్తూరులోనో మిద్దె మీద గది అద్దెకు తీసుకుని ఉండేవారికి మే నెలలో పగలు గదిలోనే 38 డిగ్రీలు మామూలు. యూట్యూబ్ రివ్యూల్లో చూపించే ఉష్ణోగ్రతలు ఎక్కువగా ఏసీ గదుల్లో తీసినవి. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 24 డిగ్రీల గదిలో 72 చూపించిన ప్రాసెసర్ మీ గదిలో 86 చూపిస్తుంది. ఆ 14 డిగ్రీల తేడాను మనసులో పెట్టుకుని కొనండి.

ముందు మానిటర్, ఆ తర్వాతే ప్రాసెసర్

తెర మీదికి వచ్చే ప్రతి ఫ్రేమూ (ప్రతి బొమ్మా) ఇద్దరి చేతుల మీదుగా వస్తుంది. శత్రువు ఎక్కడున్నాడు, తూటా ఎక్కడ తగిలింది అన్న లెక్కలన్నీ వేసి ఏం గీయాలో చెప్పేది ప్రాసెసర్. గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఇద్దరిలో ఎవరు నెమ్మదైతే మీకు దక్కేది వాళ్ల వేగమే. రిజల్యూషన్ (తెర మీది చుక్కల సంఖ్య) పెంచితే కార్డుకు పని పెరుగుతుంది, ప్రాసెసర్‌కు పెద్దగా పెరగదు. ఫ్రేముల సంఖ్య పెంచాలంటే మాత్రం ఇద్దరూ పరిగెత్తాలి.

అందుకే 60 లేదా 75 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవారికి ఇటీవలి తరాల్లో 6 కోర్లు (పనిచేసే భాగాలు) ఉన్న ఏ ప్రాసెసరైనా చాలు. మిగిలిన డబ్బు కార్డు మీద పెట్టండి. 144 నుంచి 180 హెర్ట్జ్ మానిటర్ మీద వాలొరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడేవారికి ప్రాసెసర్ బరువు పెరుగుతుంది. 1440పీ (ఎక్కువ రిజల్యూషన్) మానిటర్ మీద కథ ఉండే పెద్ద గేములు ఆడేవారికి మళ్లీ కార్డే ముఖ్యం.

ఇప్పటికే ఒక పీసీ ఉండి, దాన్నే మెరుగుపరచాలనుకుంటే కొనేముందు ఒక పరీక్ష చేయండి. గేములో రిజల్యూషన్ ఒక మెట్టు తగ్గించండి. ఫ్రేములు బాగా పెరిగితే అడ్డం పడుతున్నది కార్డు. ఏమీ పెరగకుండా కార్డు వాడకం 60, 70 శాతం దగ్గరే ఆగితే అడ్డం ప్రాసెసర్. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది: టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 50 శాతమే చూపిస్తోంది కాబట్టి దానికి ఇంకా ఓపిక ఉందనుకుంటారు. ఆ అంకె అన్ని కోర్ల సగటు. గేము ప్రధాన పని అంతా ఒకటి రెండు కోర్ల మీదే ఉంటుంది. అవి నిండిపోయినా సగటు సగమే కనిపిస్తుంది.

మానిటర్ కాకుండా 80 వేలు పెడుతున్నారనుకుంటే, ప్రాసెసర్, బోర్డు కలిపి 30 శాతం దాటనివ్వకండి. కార్డుకు 40 శాతం ఇవ్వండి. ఈ లెక్క తప్పితే పీసీ చూడ్డానికి బాగుంటుంది, ఆడ్డానికి ఉండదు.

పేరు చివర అక్షరాలు చదవండి

బడ్జెట్ బాగా తక్కువైతే ఏఎండీ ఏఎం4 సాకెట్‌లో (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) రైజెన్ 5 5600 ఇప్పటికీ మంచి సరుకే: 6 కోర్లు, 12 థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ), పీసీఐఈ 4.0 (ప్రాసెసర్‌కు, కార్డుకు మధ్య దారి). అయితే "అదే సార్, ఇంకా తక్కువకు వస్తుంది" అని 5500 గానీ 5600జీ గానీ చేతిలో పెడితే తీసుకోకండి. పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నా ఆ రెండింటిలో క్యాష్ 16 ఎంబీ, పీసీఐఈ 3.0 మాత్రమే. పీసీఐఈ తేడా ఎక్కడ తగులుతుందంటే, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్ఎక్స్ 7600 లాంటి కార్డులు ఆ దారిలోని 16 లేన్లలో (వరుసల్లో) 8 మాత్రమే వాడుకుంటాయి. వాటిని 3.0 మీద పెడితే దారి సగానికి ఇరుకవుతుంది. మామూలుగా ఇది తెలియదు. గేము టెక్స్చర్లు (వస్తువుల మీద అతికే బొమ్మలు) కార్డులోని 8 జీబీలో పట్టక ర్యామ్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చినప్పుడు, ఆ ఇరుకు దారిలో ఫ్రేము ఆగి ఆగి కదులుతుంది. సగటు ఫ్రేములు బాగానే చూపిస్తూ చేతికి మాత్రం కుదుపు తెలిసే రోగం ఇదే.

నాలుగైదేళ్లు వాడుకోవాలనుకునేవారికి నా సలహా ఏఎం5, అందులో రైజెన్ 5 7600. ఈ సాకెట్ 2022లో వచ్చింది. 2027 దాకా, ఆ పైన కూడా దీనికి ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. అంటే మూడేళ్ల తర్వాత బోర్డు మార్చకుండానే ప్రాసెసర్ మార్చుకోవచ్చు. 7600 టీడీపీ (కూలర్ ఎంపికకు కంపెనీ చెప్పే వేడి లెక్క) 65 వాట్లు, గరిష్ఠంగా లాగేది 88 వాట్లు. 7600ఎక్స్ అయితే 105, 142. ఆ అదనపు వేడికి గేముల్లో దక్కే ఫ్రేములు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. పైగా 7600 డబ్బాలో కూలర్ వస్తుంది, 7600ఎక్స్‌తో రాదు. ఇదే సాకెట్‌లో 8500జీ అని ఒకటి ఉంది. కార్డు పెట్టే ఉద్దేశం ఉంటే దాని జోలికి వెళ్లకండి. అది కార్డుకు ఇచ్చేది 4 లేన్లే.

7600కి, 7500ఎఫ్‌కి పనిలో తేడా తక్కువ. 7500ఎఫ్‌లో సొంత గ్రాఫిక్స్ లేదు. పెద్ద నగరాల్లో ఉండేవారికి అది పట్టించుకోనక్కర్లేని విషయం, మనకు పట్టించుకోవాల్సిందే. కార్డు చెడిపోతే వారంటీకి చాలాసార్లు చెన్నైకో బెంగళూరుకో పంపాలి, తిరిగొచ్చేసరికి వారాలు పడుతుంది. 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి ఆ రోజుల్లో కేబుల్‌ను బోర్డుకే పెట్టి కాలేజీ పనులు చేసుకోవచ్చు, చెడింది కార్డా కాదా అన్నదీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ఇంటెల్‌లో ఐ5-12400ఎఫ్ నమ్మకమైనది: 6 కోర్లు, మామూలుగా 65 వాట్లు, గరిష్ఠంగా 117. అయితే దాని సాకెట్ ఎల్‌జీఏ1700 14వ తరంతో ఆగిపోయింది, 2024లో వచ్చిన కోర్ అల్ట్రాలకు సాకెట్ వేరు. చివర 'ఎఫ్' అంటే గ్రాఫిక్స్ లేదని. 'కె' అంటే ఓవర్‌క్లాక్ చేయొచ్చని, అంటే మామూలు హద్దు దాటి వేగం పెంచొచ్చని. దానికి జడ్ రకం చిప్‌సెట్ (బోర్డు రకాన్ని తేల్చే చిప్) ఉన్న బోర్డు కావాలి, బీ760 రకం మీద ఆ పని జరగదు. 13, 14 తరాల్లోని పెద్ద ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజ్ వల్ల లోపల్లోపల అరిగిపోయి గేములు క్రాష్ అయ్యే సమస్య 2024లో బయటపడింది. బయాస్ (బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ దాన్ని ఆపుతుంది గానీ అప్పటికే జరిగిన నష్టాన్ని పూడ్చదు. కాబట్టి ఆ తరాల ఐ7, ఐ9 సెకండ్ హ్యాండ్‌లో వద్దు. కొత్తది కొన్నా 2024 సెప్టెంబర్ తర్వాతి బయాస్ ఎక్కించాకే వాడండి.

డబ్బుకు వెనకాడక పోటీ గేములే ఆడేవారికి 7800ఎక్స్3డీ. 96 ఎంబీ క్యాష్ వల్ల లెక్కలకు కావలసిన సమాచారం ర్యామ్ దాకా వెళ్లకుండానే దొరుకుతుంది. టీడీపీ 120 అని రాసినా గేముల్లో అంతకంటే బాగా తక్కువే లాగుతుంది. దీనికి ఖరీదైన బోర్డు కావాలన్న మాట నమ్మకండి.

బోర్డులో చూడాల్సింది సాకెట్ పక్కన

ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావలసింది 1.2 వోల్టుల చుట్టుపక్కల. ఆ దించే పని చేసేవి సాకెట్‌కు ఎడమ పక్క, పైన వరుసగా ఉండే నల్లటి చిన్న చిప్పులు, వాటి పక్కనున్న చదరపు కాయిళ్లు. దీన్నే వీఆర్‌ఎం అంటారు. 88 వాట్లను 1.2తో భాగించండి: 73 ఆంపియర్లు. ఇంట్లో 1.5 టన్ను ఏసీ లాగేది 7 ఆంపియర్ల దగ్గర. అంత ప్రవాహం అగ్గిపెట్టెలంత జాగాలోంచి వెళ్తోంది. చిప్పుల మీద హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) లేని బోర్డు మీద, 38 డిగ్రీల గదిలో, గంట ఆడితే ఏమవుతుంది? వీఆర్‌ఎం తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తుంది.

దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ప్రాసెసర్ ఉష్ణోగ్రత 70 దగ్గరే కనిపిస్తుంది. మొదటి ఇరవై నిమిషాలు గేము బాగా నడిచి తర్వాత ఫ్రేములు పడిపోతుంటే, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉష్ణోగ్రతలు చూపే ప్రోగ్రాంలో 'వీఆర్ మాస్' అన్న వరుస (వీఆర్‌ఎం వేడి) చూడండి. అది 100 దాటుతూ, అదే సమయానికి క్లాక్ (ప్రాసెసర్ వేగం) పడిపోతుంటే కారణం బోర్డే. చాలామంది ఇది తెలియక కొత్త కూలర్ కొంటారు, అదీ పనిచేయదు.

కాబట్టి 88 వాట్ల ప్రాసెసర్‌కు హీట్‌సింక్ ఉన్న మామూలు బీ650 (ఏఎం5 చిప్‌సెట్) బోర్డు చాలు. హీట్‌సింక్ ఉన్న ఏ620 కూడా నడుస్తుంది. 142 వాట్లవాటికి రెండు పక్కలా బరువైన హీట్‌సింక్‌లున్న బీ650 లేదా బీ850. 253 వాట్లు లాగే ఐ7, ఐ9 కె రకాలను ఏసీ లేని గదికి నేను ఎవరికీ సూచించను.

ఇంటెల్ వైపు హెచ్610 బోర్డులు చవకగా వస్తాయి. ఏం వదులుకుంటున్నారో తెలిసి తీసుకోండి: ర్యామ్ స్లాట్లు రెండే, ర్యామ్ వేగం పెంచుకోవడం కుదరదు, ఎం.2 స్లాటు (ఎస్ఎస్‌డీ పెట్టే చోటు) నేరుగా ప్రాసెసర్‌కు కలిసి ఉండదు. కొద్దిగా పెంచి బీ760 తీసుకోవడం మేలు. అందులోనూ డీడీఆర్4 (పాత తరం ర్యామ్) బోర్డులు వేరు, డీడీఆర్5 బోర్డులు వేరు. గాటు ఉండే చోటు మారుతుంది కాబట్టి ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో దిగదు. డబ్బా మీద రాసింది చదివాకే ర్యామ్ కొనండి. ఏఎం5లో అన్నీ డీడీఆర్5.

ర్యామ్ ఎప్పుడూ రెండు ముక్కలు: 32 జీబీ కావాలంటే 16 చొప్పున రెండు. "ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు" అన్న ఆలోచన డీడీఆర్5తో పెట్టుకోకండి. నాలుగు ముక్కలు పెడితే రైజెన్ 7000 ప్రాసెసర్లకు అధికారికంగా చెప్పిన వేగం 3600కి దిగిపోతుంది. రెండు ముక్కలతో 6000, సీఎల్30 (ర్యామ్ స్పందించడంలో ఆలస్యం) ఈ ప్రాసెసర్లకు సరిగ్గా కుదిరే వేగం.

బోర్డు సైజు దగ్గర ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 244 మిల్లీమీటర్ల చదరపు మైక్రో ఏటీఎక్స్ చాలు, క్యాబినెట్‌లో పడుతుందో లేదో చూసుకోండి. కొనేముందు బోర్డు మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి ఒక్క పేజీ చదవండి: రెండో ఎం.2 స్లాటు వాడితే ఏ సాటా పోర్టులు (హార్డ్ డిస్క్ కేబుల్ పెట్టే చోట్లు) ఆగిపోతాయో అక్కడ రాసి ఉంటుంది. అది చూడనివాళ్లే పాత హార్డ్ డిస్క్ కనబడక కంగారుపడతారు.

బయాస్ లెక్క

తయారీ కంపెనీ సైటులో మీ బోర్డు పేరుతో ప్రాసెసర్ల జాబితా ఉంటుంది. మీ ప్రాసెసర్ పేరుకు ఎదురుగా ఏ బయాస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసుంటుంది. దుకాణంలో చాలాకాలంగా పడి ఉన్న బీ650 బోర్డు మీద రైజెన్ 9600ఎక్స్ పెడితే తెర నల్లగానే ఉండిపోవచ్చు. అందుకే బోర్డు వెనక బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్నది తీసుకోమంటాను. ప్రాసెసర్ లేకుండానే దీంతో బయాస్ ఎక్కించొచ్చు:

1. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి.
2. బయాస్ ఫైలును దించి, మాన్యువల్‌లో చెప్పిన పేరు యథాతథంగా పెట్టండి. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా బోర్డు దాన్ని గుర్తించదు.
3. 24 పిన్, 8 పిన్ పవర్ కేబుళ్లు మాత్రం పెట్టి, గుర్తు వేసి ఉన్న యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టండి.
4. బటన్ నొక్కి, లైటు మెరవడం ఆగేదాకా ముట్టుకోకండి. ఐదారు నిమిషాలు పట్టొచ్చు.

ఈ పని యూపీఎస్ మీదే చేయండి. గాలీవానా వచ్చే సాయంత్రం అసలు పెట్టుకోకండి. 7800ఎక్స్3డీ కొన్నవారు బయాస్ విషయంలో బద్ధకించకూడదు. 2023లో కొన్ని ఎక్స్3డీ ప్రాసెసర్లు ఎస్ఓసీ (ప్రాసెసర్‌లో ర్యామ్‌తో మాట్లాడే భాగం) వోల్టేజ్ ఎక్కువై సాకెట్‌తో సహా కాలిపోయాక, ఆ వోల్టేజ్‌ను 1.3కి కట్టడి చేసే బయాస్‌లు వచ్చాయి. పాత స్టాకు బోర్డులో అది ఉండకపోవచ్చు.

ఎక్కడ కొన్నా ఇవి చూడండి

ఊళ్లో దొరికితే ఊళ్లోనే కొనండి. ఐదొందలు, వెయ్యి తేడా ఉన్నా చెడితే వెళ్లి నిలబడి అడగడానికి ఒక మనిషి ఉంటాడు. ఎంపిక ఎక్కువ కావాలంటే చెన్నై రిచీ స్ట్రీట్, చిత్తూరు వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు. చెప్పిన ధర 18 శాతం జీఎస్‌టీతో కలిపా, కాకుండానా అన్నది మొదటే అడగండి.

ప్రాసెసర్ "ట్రే పీస్" అంటే డబ్బా లేనిది. దానికి కంపెనీ వారంటీ ఉండదు, అమ్మినవాడి మాటే వారంటీ. డబ్బా పీసుకు మూడేళ్లు. సీలు, డబ్బా మీది సీరియల్ నంబరు, బిల్లు మీది నంబరు ఒకటేనా చూడండి. బోర్డు అయితే సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత తీయించి, ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. ఏఎం5లో 1718 పిన్నులు. అన్నీ ఒకే దిక్కుకు ఒరిగి, వెలుతురులో వరుసలుగా ఒకేలా మెరవాలి. ఒక్కచోట మెరుపు తప్పినా పిన్ను వంగినట్టే, ఆ బోర్డు వద్దు. ఇంటికి తెచ్చాక ఆ సంగతి చెబితే మీరే వంచారంటారు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పార్సిల్ విప్పడం నుంచి సాకెట్ దాకా ఆపకుండా వీడియో తీయండి. ఆ మూతను పారేయకండి. అది లేకుండా వారంటీకి పంపితే బోర్డు తిప్పి పంపేస్తారు.

బిగించేటప్పుడు

క్యాబినెట్‌లో దించకముందే, బోర్డును దాని అట్టపెట్టె మీదే పెట్టి ప్రాసెసర్, కూలర్, ర్యామ్‌తో ఒకసారి ఆన్ చేసి చూడండి. తప్పేదైనా ఉంటే అప్పుడే దొరుకుతుంది.

ఏఎం5లో లీవర్ ఎత్తి, ప్రాసెసర్ మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణానికి కలిపి, వదిలేసినట్టుగా పెట్టండి. నొక్కకండి. లీవర్ దించితే నల్ల మూత దానంతటదే ఊడి వస్తుంది. 7600తో వచ్చే కూలర్‌కు స్క్రూలు ఉంటాయి కాబట్టి, సాకెట్ రెండు పక్కలా ఉండే ప్లాస్టిక్ కొక్కేలను తీసేయాలి. స్క్రూలను మూల నుంచి ఎదురు మూలకు, కొంచెం కొంచెంగా బిగించండి. ఒకే మూల పూర్తిగా బిగిస్తే పేస్ట్ (ప్రాసెసర్‌కు, కూలర్‌కు మధ్య ఉండేది) ఒక పక్కకు పోతుంది. ఆ కూలర్ పని కానిస్తుంది గానీ ఎండాకాలం హోరెత్తిస్తుంది. నాలుగు హీట్‌పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్ పెట్టుకుంటే ఆ బాధ ఉండదు. ఏఎం4 వాడేవారు కూలర్ ఎప్పుడు తీసినా ముందు అటూ ఇటూ తిప్పి వదులు చేయండి. నేరుగా లాగితే పేస్టుకు అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి.

ర్యామ్ ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లలో. ప్రాసెసర్ 8 పిన్ కేబుల్ మధ్యలో విడిపోయి 4, 4 అవుతుంది. గ్రాఫిక్స్ కార్డుది 6, 2. రెండూ వేరు, బలవంతంగా దూర్చకండి. లైట్ల విషయంలోనూ అంతే: 3 పిన్నులది 5 వోల్టులు, 4 పిన్నులది 12. తప్పు చోట పెడితే లైట్లు మాడిపోతాయి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏఎం5 తెర నల్లగా ఉంటుంది. ర్యామ్‌ను పరీక్షించుకుంటూ, సర్దుకుంటూ ఉంటుంది. కొన్ని నిమిషాలు పడుతుంది. చచ్చిపోయిందనుకుని స్విచ్ ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పది నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి.

బయాస్‌లో చేయాల్సినవి కొన్నే. ఎక్స్‌పో (ర్యామ్‌ను డబ్బా మీది వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి, లేకపోతే 6000 ర్యామ్ కొని 4800 మీద నడిపినట్టు. విండోస్ 11 మీద వాలొరెంట్‌కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (బయాస్‌లోని భద్రతా సెట్టింగులు) తప్పనిసరి. ఎమ్యులేటర్‌లో (పీసీలో ఫోన్ గేములు నడిపే ప్రోగ్రాంలో) ఫ్రీ ఫైర్ ఆడేవారు ఎస్వీఎం మోడ్ (వర్చువలైజేషన్ సెట్టింగు) ఆన్ చేసుకోవాలి, లేకపోతే ఎమ్యులేటర్ నత్తనడక నడుస్తుంది.

ఆ తర్వాత గదిలోని ప్లగ్గు. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ దానికి ఎర్తు వైరు ఉండదు. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లకు జిల్లుమంటే ఎర్తు లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సరిచేయించాకే వాడండి, ఇంటివాళ్లతో ఒక మాట చెప్పైనా సరే.

చివరి పరీక్షను చల్లటి రాత్రి పెట్టకండి. మధ్యాహ్నం రెండు గంటలకు, తలుపు మూసి, సినీబెంచ్ (ప్రాసెసర్‌కు పూర్తి పని ఇచ్చి పరీక్షించే ప్రోగ్రాం) అరగంట నడపండి. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ప్రాసెసర్ ఉష్ణోగ్రత, వీఆర్ మాస్, క్లాక్ మూడూ రాసుకోండి. 7600కి హద్దు 95 డిగ్రీలు, 7800ఎక్స్3డీకి 89. హద్దు తగిలి క్లాక్ పడిపోతుంటే బయాస్‌లో ఎకో మోడ్ (కరెంటు తగ్గించే సెట్టింగు) పెట్టండి, లేదా వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకూ మైనస్ 15 ఇచ్చి మళ్లీ అరగంట నడపండి. వేడి తగ్గి, క్రాష్ కాకుండా నిలబడితే అలాగే ఉంచండి. మధ్యలో రీస్టార్ట్ అయితే మైనస్ 10కి రండి.